దిగుడులో ఆరిపోయే లాప్‌టాప్

శ్రీరామ్మూర్తి బ్రేకు మీట మీద వేలు పెట్టి ఊపిరి బిగబట్టాడు. వెనకాల నిండు లోడు గూడ్సు. ముందు కొండ అంచున మెలికలు తిరుగుతూ దిగే పట్టాలు. ఇంకొంచెం వేగం తగ్గిస్తే సొరంగం, అది దాటితే స్టేషను. సరిగ్గా అప్పుడు తెర నల్లబడిపోయింది. అప్పటిదాకా గుయ్యిమని మోగిన ఫ్యాను కూడా నోరు మూసుకుంది.

"మళ్లీ సచ్చినాది!" అంటూ మంచం మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు.

వంటింట్లోంచి భార్య తాయారు కేక వేసింది. "ఏటండీ, పట్టాలు తప్పినాదా?"

"పట్టాలు తప్పితే నా తప్పని ఊరుకుందును. బండి బాగానే ఉన్నాది. ఈ పెట్టే సచ్చినాది."

అది 2008 ఎండాకాలం. పద్మనాభం అనే ఊరి దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టిన శ్రీరామ్మూర్తి కుర్రతనంలోనే రైల్వేలో చేరి, గూడ్సు డ్రైవరై, దువ్వాడ స్టేషనుకి దగ్గర్లో ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగమంతా కిరండూల్ లైనులోనే గడిచింది. అక్కడి గనుల్లో తవ్విన ఇనపరాయిని వ్యాగన్ల నిండా పోస్తే, అరకు కొండల మీంచి విశాఖ పోర్టు వైపు దించుకురావడం అతని పని. బండి కొండెక్కేటప్పుడు చాలావరకు ఇంజనే చూసుకుంటుందనీ, దిగేటప్పుడే డ్రైవరన్నవాడు కావాలనీ చెప్పుకునేవాడు. అంత బరువు వెనక నుంచి తోస్తూ ఉంటే ఎక్కడ ఎంత బ్రేకు పట్టాలో, ఎక్కడ వదలాలో అతని నడుముకే తెలిసిపోయేది.

కిందటేడు రైల్వే ఆసుపత్రిలో మామూలుగా చేసే పరీక్షలో కళ్లు చూసిన డాక్టరు రెండోసారి కూడా అదే పరీక్ష చేశాడు. తర్వాత, "ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతోంది. పక్కచూపే తగ్గిపోతోంది. మీరు చేసిన తప్పేమీ లేదు, కొందరికి ఇలా వస్తుంది" అన్నాడు. బండి నడపడానికి పనికిరాడని రాసేశారు. రిటైరు కావడానికి ఇంకా ఏళ్లున్నాయి కాబట్టి డ్రైవర్లు డ్యూటీ ఎక్కే ముందు సంతకం పెట్టే ఆఫీసులో కుర్చీ వేశారు. తన కింద అసిస్టెంటుగా చేసిన గురువులు అనే కుర్రాడు ఎర్రజెండా, పచ్చజెండా చంకలో పెట్టుకుని వచ్చి, "ఎల్లొత్తాను గురూగారూ" అని బండెక్కిపోతుంటే శ్రీరామ్మూర్తికి ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆ రోజుల్లోనే తాయారు తమ్ముడు సాయిశంకర్ సెలవు మీద ఇంటికొచ్చాడు. సరుకు ఓడల్లో ఇంజనీరు. సింగపూర్‌లో కొన్న గేమింగ్ లాప్‌టాప్ ఒకటి వాడి దగ్గరుండేది. ఒళ్లో పెట్టుకునేదని పేరే గాని నిజంగా పెట్టుకుంటే తొడలు కాలిపోయేవి. దాని చార్జరే ఇటుకంత ఉండేది. ఒక మధ్యాహ్నం వాడు అందులో రైలు నడిపే ఆట పెట్టి చూపించాడు. ఊరికే బొమ్మ రైలు కాదది. బ్రేకు పైపులో గాలి ఎంత తగ్గిందో ముల్లు చూపిస్తుంది. లోడుకి తగ్గట్టు బండి లాగుతుంది, తోస్తుంది. శ్రీరామ్మూర్తి ఆ సాయంత్రం దాకా లేవలేదు. మళ్లీ ఓడెక్కేటప్పుడు సాయిశంకర్ దాన్ని బావ దగ్గరే వదిలేశాడు.

"నాను కొత్తది కొనుక్కుంటాను బావా. ఇది నువ్వుంచు. జాగర్త, వేడెక్కుతాది."

వేడెక్కుతుందని చెప్పాడు కాని, వేడెక్కితే ఏం చెయ్యాలో చెప్పలేదు. మొదటి నెలలు బాగానే సాగింది. ఎండలు ముదిరాక, సరిగ్గా కొండ దిగుడులో, బొమ్మలు ఎక్కువై యంత్రం కష్టపడే చోట, పుటుక్కున ఆరిపోవడం మొదలైంది.

గాజువాకలో మేడమీద ఉన్న ఒక కంప్యూటర్ల షాపుకి సంచిలో పెట్టుకుని మోసుకెళ్లాడు. షాపువాడు రెండు రోజులుంచుకుని, "విండోస్ పాడైపోనాది మాస్టారూ. మొత్తం తుడిసీసి కొత్తగా ఎక్కించీసినాను" అన్నాడు సంతోషంగా.

"ఆట ఏదీ?"

"అదీ పోతాది కదండీ."

ఆట డిస్కు సంచిలో ఉంది కాబట్టి మళ్లీ ఎక్కింది. కాని సాయిశంకర్ ఎక్కడెక్కడో వెదికి నెట్టులోంచి దించిన కొండ దారులు కొన్ని పోయాయి. అందులో ఒకటి అచ్చం బొర్రా దగ్గర మలుపులా ఉండేది. పోనీ, ఇకనైనా ఆరిపోకుండా ఉంటే అదే పదివేలు అనుకుని మిగిలిన దారి పెట్టాడు. సొరంగం కనబడింది. తెర నల్లబడింది. శ్రీరామ్మూర్తి చొక్కా వేసుకుని షాపు మీదికి పోట్లాటకి బయలుదేరితే తాయారు గుమ్మంలో అడ్డం నిలబడింది.

కారణం వాళ్లింట్లోనే దొరికింది. మంచం మీద ఉక్కగా ఉందని ఒక పొద్దున్న లాప్‌టాప్‌ను దేవుడి అలమర కింద ఉన్న బల్ల మీద పెట్టుకున్నాడు. పక్కనే తాయారు వెలిగించిన అగరొత్తి. ఆట సాగుతోంది, ఫ్యాను గోలపెడుతోంది, అగరొత్తి పొగ మాత్రం లాప్‌టాప్ వెనక జాలీ ముందు నుంచే నిటారుగా పైకి పోతోంది. శ్రీరామ్మూర్తి ఆట ఆపి దాన్నే చూశాడు. ఫ్యాను తిరుగుతుంటే గాలి బయటికి రావాలి. గాలి వస్తే పొగ చెదరాలి. ఇంజనులో బ్రేకు పట్టినప్పుడు పుట్టే వేడిని బయటికి తోసే బ్లోవరు ఆగిపోతే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"తాయారూ, నీ ఇడ్లీ రేకొకటి ఇలగ తే."

"ఎందుకండీ?"

"మేకులు పెట్టుకోడానికి."

ఒక్కో మూల ఊడదీసిన స్క్రూలు ఒక్కో గుంటలో పెట్టించాడు. తాయారు టార్చి పట్టుకుంది. అడుగు మూత లేచాక ఇద్దరూ ఒకేసారి ముక్కు మూసుకున్నారు. ఫ్యానుకీ రాగి రేకులకీ మధ్య ఒక నల్లటి గుడ్డ ఉంది. అది గుడ్డ కాదు. దువ్వాడ గాలిలో ఎగిరే ఇనపరజను, బొగ్గుపొడి, పరుపు దూదీ కలిసి నెలల తరబడి అల్లుకున్న దుమ్ము. తాయారు దాన్ని పుల్లతో లాగితే పొరలాగా ఊడి వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. రాగి గొట్టాన్ని కూడా విప్పి, చిప్పు మీద అంటుకున్న బూడిదరంగు జిడ్డును చూసి, ఇదీ మురికే అనుకుని బనీను గుడ్డతో అద్దంలా తుడిచాడు. ఫ్యాను ఇరుసులో కుట్టుమిషను నూనె ఒక చుక్క, చాలదేమోనని ఇంకో రెండు చుక్కలు వేశాడు. మూత బిగించాక ఇడ్లీ రేకులో ఒక స్క్రూ మిగిలింది. అది ఎక్కడిదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఆట పెట్టాడు. ఈసారి కొండ దాకా కూడా రాలేదు. బండి యార్డు దాటకముందే ఆరిపోయింది.

సాయిశంకర్ ఓడ ఏదో రేవుకి చేరినప్పుడు ఫోను చేశాడు. లైను సగం మాట వినిపించి సగం మింగేస్తోంది.

"బావా, సిప్పు మీద బూడిద రంగు పేస్టు ఉండాల. సూసినావా?"

"సూసినాను. మురికిగా ఉన్నాది. శుబ్బరంగా తుడిసీసినాను."

అవతల సాయిశంకర్ నెత్తి కొట్టుకున్న చప్పుడు ఫోనులో వినిపించింది.

"ఓలమ్మో! అది మురికి కాదు బావా. సిప్పుకీ రాగికీ మధ్య సందు నేకుండా సేత్తాది. అది నేకపోతే వేడి రాగిలోకి ఎల్లదు, సిప్పులోనే ఉండిపోతాది. ఇంకేటి సేసినావు?"

"ఫ్యానుకి నూనె ఎట్టినాను."

"నూనెందుకూ! దుమ్మంతా దానికే పట్టీత్తాది కదా!"

"తిరిగేదానికి నూనె ఎట్టొద్దంతావేట్రా? ముప్పై ఏళ్లు ఇంజన్ల మీద..." అంటూ ఉండగానే లైను తెగిపోయింది. చేతిలో ఫోను పట్టుకుని శ్రీరామ్మూర్తి చాలాసేపు దానితోనే పోట్లాడాడు.

ఆ పేస్టు గాజువాకలో దొరకలేదు. ఒకడు ఫెవికాల్ ఇవ్వబోయాడు. ఇంకొకడు పళ్లు తోముకునే పేస్టు రాసి చూడమన్నాడు. చివరికి విశాఖ డాబాగార్డెన్స్‌లో ఆంప్లిఫయర్ల సామాన్లమ్మే కొట్టులో, చిన్న డబ్బాలో తెల్లటి పేస్టు దొరికింది. స్పిరిట్లో ముంచిన దూదితో నూనె తుడిచి, శనగబద్దంత పేస్టు రాసి, జాగ్రత్తగా బిగించాడు. లాప్‌టాప్‌ను ఇక మంచం ఎక్కనివ్వలేదు. బల్ల మీద రెండు చెక్కముక్కల ఎత్తున కూర్చోబెట్టాడు.

ఆ సాయంత్రం సొరంగం వచ్చింది, దాటింది. స్టేషనులో బండి ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. శ్రీరామ్మూర్తి జాలీ దగ్గర చెయ్యి పెడితే వేడిగాలి అరచేతిని తోసింది. తాయారుని పిలిచి అది కూడా చూపించాడు. అప్పటి నుంచి ఆమె పప్పు బాగుచేసుకుంటూ పక్కన కూర్చునేది. ఎక్కడ బ్రేకు పట్టాలో, ఎందుకు పట్టాలో చెబుతుంటే వినేది. ఆదివారం వస్తే మూత విప్పి బ్రష్షుతో దుమ్ము దులపడం ఇద్దరి పనీ అయింది.

వినాయక చవితి పందిళ్లు వేస్తున్న రోజుల్లో తెర మీద రంగురంగుల గీతలు పడ్డాయి. మర్నాటికి గీతలు తప్ప ఏమీ కనబడలేదు. దుమ్ము లేదు, పేస్టు ఉంది, ఫ్యాను తిరుగుతోంది. అన్నీ సరిగ్గా ఉండి చెడిపోవడం అతనికి మరీ మంటెక్కించింది. డాబాగార్డెన్స్‌లోనే రిపేరు చేసే సన్యాసిరాజు చూసి, బొమ్మలు చూపించే చిప్పు కింద టంకం వదిలేసిందన్నాడు. వేడిగాలి కొట్టి అతికించాడు. "ఎన్నాళ్లుంటాదో నాను సెప్పలేను" అని ముందే చెప్పాడు. దసరా దాటింది, మళ్లీ గీతలు. మళ్లీ వేడిగాలి. దీపావళికి అసలు వెలగడమే మానేసింది.

చలికాలంలో సాయిశంకర్ ఇంటికొచ్చాడు. మూత విప్పి, టార్చి వేసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నీ తప్పు కాదు బావా. ఈ రకం సిప్పులు ఇలగే పోతన్నాయి. మా ఓడలో ఒకడిదీ ఇలగే పోనాది. నువ్వు బాగానే సూసుకున్నావు."

శ్రీరామ్మూర్తి ఒక్కసారిగా కుర్చీలోంచి లేచాడు. "ఆ డాక్టరూ ఇదే మాటన్నాడు! నా తప్పు నేదంట! తప్పుంటే దిద్దుకుందును కదరా! నూనె ఎట్టొద్దన్నావు, తుడిసీసినాను. పేస్టు రాయమన్నావు, రాసినాను. ఇప్పుడు తప్పే నేదంటే నానేటి సెయ్యాల?"

సాయిశంకర్ విప్పిన స్క్రూలు మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. తాయారు వచ్చి లాప్‌టాప్ మూత మూసింది. మొగుడి కోపం దేని మీదో ఆమెకి తెలుసు. రాత్రి అన్నాలు వడ్డిస్తూ, వేరే సంగతి మాట్లాడుతున్నట్టు అంది.

"రేపు పొద్దున్న అరకు ఎల్దాం."

"ఎందుకు?"

"ఎందుకేటి? ఆ పెట్టెలో ఎక్కడో పరాయి దేశం కొండలు సూపించినారు. మీరు ఇన్నేళ్లు బండి దించిన కొండ నానెప్పుడూ సూడనేదు."

ప్యాసింజరులో ప్రయాణికుడిలా కూర్చుని ఆ లైను ఎక్కనని భీష్మించాడు. కాని పొద్దున్నే తాయారు పులిహోర డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడేసరికి చెప్పులు వేసుకోక తప్పలేదు. ఎక్కేటప్పుడు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. సాయంత్రం తిరుగు బండి దిగుడు పట్టాక మాత్రం చెయ్యి ఊరుకోలేదు. మోకాలి మీద బ్రేకు మీట ఉన్నట్టు తిప్పుతూ, గొణుగుతూనే ఉన్నాడు.

"ఇప్పుడెయ్యాల... ఇప్పుడు... సూసినావా, ఆలీసం సేసినాడు! కుదుపొచ్చినాదా నేదా?"

తాయారు వినడం లేదు. కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని కిందికి చూస్తోంది. పట్టాల పక్కనే నేల తెగిపోయి, ఎక్కడో అట్టడుగున చెట్లు గడ్డిపరకల్లా ఉన్నాయి.

"ఇంత లోతున్నాదని నాకెప్పుడూ సెప్పనేదేటండీ?"

"సెప్తే డ్యూటీకి పంపుదువా?"

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. సొరంగం వచ్చి రైలు పెట్టె అంతా చీకటైంది. చీకట్లో కూడా అతను డ్రైవర్ని తిడుతూనే ఉన్నాడు, కాకపోతే కాస్త నెమ్మదిగా.

వారం తర్వాత సాయిశంకర్ లాప్‌టాప్‌లోంచి పనికొచ్చే ముక్కలు తీసుకున్నాడు. ఓడెక్కేలోగా ఇంకొకటి కొనిపెడతానంటే శ్రీరామ్మూర్తి కయ్యిమన్నాడు.

"మళ్లీ ఆ ఒళ్లో పెట్టుకునే కుంపటి నాకొద్దు. కొంటే పెద్ద డబ్బా కంప్యూటరు కొను. ఫ్యాను నా సేతికి అందాల, పక్క మూత ఒక్క మేకుతో ఊడాల. అలాంటిది దొరికితేనే తే, నేదంటే మానీ."