శంకరవ్వ మార్చిన ఉప్పు

లచ్చయ్య చేతికి చుట్టిన బీపీ పట్టీ బుస్సుమని గాలి వదిలింది. ఆశా కార్యకర్త వందన యంత్రం మీద అంకెలు చూసి, పట్టీని మళ్లీ చుట్టింది. రెండోసారీ అదే లెక్క. పైన నూట తొంభై, కింద నూట పది.

"పెద్దమ్మా, పెదబాపును రేపే మంచిర్యాల పెద్ద డాక్టర్ దగ్గరికి తీస్కపో. ఆలస్యం జేయకు" అన్నది.

లచ్చయ్య భార్య శంకరవ్వకు కోపమొచ్చింది. "తులసిమాల వేసుకున్న మనిషికి బీపీ ఏందమ్మా? పదకొండేండ్లాయె నీసు ముట్టక. కల్లు లేదు, బీడీ లేదు. ఆకులు, పప్పులు తిని బతుకుతుండు. దినాం యాటకూర తినేటోళ్లు గుండ్రాయి లెక్క తిరుగుతలేరా?"

"ఆకుల సంగతి కాదు పెద్దమ్మా. ఆకుల మీద పడే ఉప్పు సంగతి."

ఆ మాట శంకరవ్వకు సూదిలా గుచ్చుకుంది. ఎందుకంటే ఉప్పు ఆమె సొంత విద్య. బెల్లంపల్లి బొగ్గుబాయిలో లచ్చయ్య ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. మొదటి రోజుల్లో తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి టబ్బులకు బొగ్గు నింపేవాడు. భూమి అడుగున ఆ ఉక్కపోతకు ఒంట్లో నీళ్లన్నీ చెమటై కారిపోయేవి. పెళ్లయిన ఏడాదే ఒకనాడు కాళ్లు కొంకర్లు పోయి పడిపోతే తోటివాళ్లు భుజాల మీద మోసుకొచ్చారు. ఒంట్లో ఉప్పు తగ్గిందన్నారు. పదిహేడేళ్ల పిల్ల శంకరవ్వ ఆ మాట గుండెలో రాసిపెట్టుకుంది. మర్నాటి నుంచి అన్నం గిన్నెతోపాటు కాగితం పొట్లంలో ఉప్పు కట్టి పంపేది. కూరలో ఓ చిటికెడు ఎక్కువే వేసేది. మొగుణ్ని బతికించుకునే ఉపాయం ఆమెకు అదొక్కటే తెలుసు. బాయి పని అయిపోయింది. చెమట ఆగిపోయింది. ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు.

మంచిర్యాలలో డాక్టర్ రక్తం, మూత్రం పరీక్షలు చేయించాడు. బీపీ బిళ్ల రాశాడు. "కిడ్నీలు కూడా కొంచెం దెబ్బతిన్నాయమ్మా. ఇప్పుడే జాగ్రత్తపడితే ఇక్కడితో ఆగుతుంది. ఉప్పు అన్నిట్లో కలిపి రోజుకు ఒక చిన్న చెంచా. అంతకు మించొద్దు" అన్నాడు.

ఇంటికొచ్చి శంకరవ్వ చెంచాడు ఉప్పు కొలిచి డబ్బా మూతలో పోసింది. పప్పులో సగం పోయింది. పుంటికూరలోకి మిగిలిన సగం. మరి పచ్చిపులుసుకు? మాపటి కూరకు? చల్లమిరపకాయలు, అప్పడాలు ఊరికే ఉన్నాయా? మామిడి తొక్కు జాడీ వైపు చూసి నెత్తి పట్టుకుంది. దానిలో దోసిళ్లతో ఉప్పు పోసింది తనే. నీసు మానిన నాటి నుంచి గొంతులోకి అన్నం దిగాలంటే లచ్చయ్యకు ముద్ద ముద్దకూ తొక్కు ఉండాల్సిందే. మాంసం మానితే ఒంటికి మంచిదని ఊరంతా అన్నది. మాంసం జాగాలో ఏం వచ్చి కూర్చుందో ఎవరూ చూడలేదు.

జాడీ అటక ఎక్కింది. ఆ రోజునుంచి ఇంట్లో యుద్ధం మొదలైంది.

"నేనేమన్న పచ్చి బాలింతనా? గీ పత్యం కూడు ఎవలు తింటరే?" అని లచ్చయ్య కంచం నెట్టేశాడు.

"తినకపోతే పాణం పోతదన్నడు డాక్టరు."

"గిట్ల తింటే గంతకంటె ముందే పోత!"

నాలుగు రోజులు సగం కడుపుతో లేచాడు. ఐదో రోజు నుంచి బుద్ధిగా రెండు ముద్దలు తిని బయటికి పోవడం మొదలుపెట్టాడు. శంకరవ్వ సంతోషపడింది. కానీ రెండు వారాల తర్వాత వందన వచ్చి చూస్తే బీపీ నూట ఎనభై. బజారులో మిర్చి బజ్జీల బండి దగ్గర పెదబాపును దినాం చూస్తున్నానని వందన మెల్లగా చెప్పింది. శంకరవ్వ గొడవ చేయలేదు. వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. ఉప్పు వేస్తే తను చంపినట్టు. వేయకపోతే బజారు చంపుతది. ఇక ఏం వండాలి?

సరిగ్గా అప్పుడే బిడ్డ మమతారాణి వచ్చింది. మంచిర్యాలలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. సంచిలోంచి ఒక ప్యాకెట్ తీసి తల్లి చేతిలో పెట్టింది.

"గిది బీపీ ఉన్నోళ్ల ఉప్పు అవ్వా. చెడ్డదంత తీసేసిన్రట. గుండెకు మంచిదని మీదనే రాసున్నది. ఇగ మీరిద్దరు కొట్లాడకున్రి."

శంకరవ్వకు చదువు రాదు. ప్యాకెట్ మీద ఎర్రని గుండె బొమ్మ మాత్రం కనిపించింది. వేలికి అద్దుకుని నాలుకకు రాసుకుంది. వెనుక కొంచెం చేదు ఉన్నా ఉప్పు ఉప్పే. ఆ పూట వంకాయ కూర వండితే లచ్చయ్య మూడుసార్లు వేయించుకున్నాడు. "గిదీ కూరంటే!" అన్నాడు. ఆ మాట విని ఎన్నాళ్లయిందో! చెడ్డది కాదు కదా అని శంకరవ్వ చెయ్యి మళ్లీ ధారాళమైంది. అన్నంలోకి, మజ్జిగలోకి, చివరికి జొన్నరొట్టె పిండిలోకి కూడా అదే ఉప్పు. ఎండలు ముదురుతున్నాయి, బాపుకు కొబ్బరినీళ్లు తాగించమని బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. రోజుకు రెండు బోండాలు తెచ్చి తాగించింది.

రెండు వారాలు ఇల్లు చల్లగా ఉంది. మిర్చి బండి బంద్ అయింది. బీపీ కూడా దిగింది. మూడో వారంలో లచ్చయ్య పొద్దున్నే మోకాళ్లు రుద్దుకుంటూ, "కాళ్లు బరువు బరువుగున్నయే" అన్నాడు. ఎండదెబ్బ అనుకుంది. మర్నాడు వేళ్లు తిమ్మిరన్నాడు. ఇంకో బోండాం కొట్టించి ఇచ్చింది.

గురువారం మధ్యాహ్నం అన్నం తిన్నాక లచ్చయ్య కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాడు.

"శంకరీ, కాళ్లు వస్తలేవే."

నవ్వులాటకు అంటున్నాడేమోనని చూసింది. ముఖం బూడిద రంగులో ఉంది. చెయ్యి ఎత్తమంటే సగం ఎత్తి వదిలేశాడు. చల్లని చెమట. ఆమె వీధిలోకి ఉరికి కేకేసింది. పక్కింటి ప్రేమమ్మ నూటెనిమిదికి ఫోన్ చేసింది, వందనను పిలిచింది. బండి వచ్చేదాకా ప్రేమమ్మ తన దేవుణ్ని, శంకరవ్వ తన విఠలుణ్ని పిలుస్తూ అతని రెండు చేతులూ పట్టుకుని కూర్చున్నారు. బండిలో ఉన్నతను మణికట్టు పట్టుకుని గడియారం చూశాడు, మళ్లీ చూశాడు, డ్రైవర్‌తో "జల్దీ పోనీ" అన్నాడు. మంచిర్యాల దాకా శంకరవ్వ కన్ను మొగుడి ఛాతీ మీదే. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య తన ఊపిరి ఆగిపోతోంది.

ఆస్పత్రిలో ఛాతీకి తీగలు పెట్టి గుండె గీతల కాగితం తీశారు. దాన్ని చూసిన లేడీ డాక్టర్ ముఖం మారిపోయింది. రక్తం తీసి పరీక్షకు పరుగున పంపించింది. అప్పటికే మమతారాణి దుకాణం నుంచి చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వచ్చింది.

"ఏం మందులు వాడుతున్నాడు? కొత్తగా ఏమైనా మొదలుపెట్టారా? చెట్ల మందు, పొడి, ఏదైనా?" అని డాక్టర్ అడిగింది.

"బీపీ బిళ్లనే మేడం. వేరే ఏం లేదు" అన్నది మమతారాణి.

"బాగా గుర్తు చేసుకోండి. గుండె చాలా మెల్లగా కొట్టుకుంటోంది. కారణం తెలియాలి నాకు."

కొత్తగా ఏముంది? శంకరవ్వ నిలబడిన చోటే మనసులో తన వంటింట్లోకి పోయి వచ్చింది. బియ్యం అవే. పప్పు అదే. నూనె అదే. మారింది ఒక్కటే. చెప్పడానికి నోరు తెరిచి, బిడ్డ ముఖం చూసి ఆగింది. తండ్రి కోసం ప్రేమతో తెచ్చిన పిల్ల. ఇప్పుడు ఆ మాటంటే ఈ పిల్ల ఏమైపోతుంది? ఆ ఆగడం ఒక్క క్షణమే. మంచం మీద లచ్చయ్య కనురెప్పలు వాలిపోతున్నాయి.

"ఉప్పు మార్చిన డాక్టరమ్మా" అన్నది. "బీపీ ఉన్నోళ్ల ఉప్పు. నేనే వేసిన. దినాం శాన వేసిన."

మమతారాణి తండ్రి మంచం దగ్గరికి పోయింది.

డాక్టర్ వెంటనే నర్సును పిలిచి ఏవో ఇంజెక్షన్ల పేర్లు చెప్పింది. "ఆ ప్యాకెట్ మీద ఏముందో నాకు కావాలి" అన్నది. బెల్లంపల్లిలో వందనకు ఫోన్ కలిపారు. ఇంటి తలుపు తీసే ఉంది. వందన పొయ్యి పక్కన వెతుకుతున్న గిన్నెల చప్పుడు ఫోన్లో వినిపించింది. తర్వాత, ప్యాకెట్ వెనక వైపు సన్నని అక్షరాలు కూడబలుక్కుని చదివింది. పొటాషియం ఉన్నది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడరాదు.

రక్తం రిపోర్టు కూడా అదే చెప్పింది. డాక్టర్ ఒక చెయ్యి సూది పని మీద ఉంచి, రెండు మాటల్లో చెప్పింది. "ఉప్పులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారమ్మా. కిడ్నీలు మంచిగుంటే ఎక్కువైంది బయటికి పోతుంది. ఈయనవి పంపలేకపోయాయి. ఈయన వేసుకునే బిళ్ల కూడా దాన్ని ఒంట్లోనే ఆపుతుంది. ఇంకేమైనా ఇచ్చారా?"

"కొబ్బరినీళ్లు" అన్నది శంకరవ్వ.

"అవీ అంతే. ఇప్పుడు మందు ఎక్కిస్తున్నాం. దిగకపోతే డయాలసిస్‌కు పోవాలి."

తలుపు బయట బల్ల మీద తల్లీ బిడ్డా కూర్చున్నారు. గంట గడిచింది. ఎవరూ బయటికి రాలేదు. మమతారాణి మెటికలు విరుస్తూ, "నేనే చంపిన అవ్వా, నేనే" అంటోంది. శంకరవ్వ ఆ చేతుల్ని గట్టిగా తన ఒళ్లోకి లాక్కుంది.

పొద్దు వాలేవేళకు నర్సు వచ్చి, గుండె దారిన పడిందని చెప్పింది. లోపలికి పోతే లచ్చయ్య కాలి వేళ్లు ఆడిస్తూ వాటినే చూస్తున్నాడు, చంటిపిల్లాడిలాగా. డయాలసిస్ అవసరం పడలేదు. నాలుగు రోజులకు ఇల్లు చేరాడు.

ఇంటికి వచ్చాక అడ్డదారులు లేవని శంకరవ్వకు తెలిసిపోయింది. మామూలు ఉప్పే, కానీ వారానికి కొంచెం కొంచెంగా తగ్గించింది. ఒక్కసారిగా తీసేస్తే నాలుక తిరగబడుతుందని ముందే చూసింది కదా. మాల వేసుకున్నవాళ్లు ఎల్లిపాయ ముట్టరు కాబట్టి నిమ్మరసం, వేయించిన జీలకర్ర, కొత్తిమీర, పైన కాస్త నువ్వుల పొడి పట్టుకుంది. డాక్టరమ్మ చెప్పినట్టు, పొటాషియం పోయేలా కూరగాయలు ఉడికించి నీళ్లు వంపేసింది. దేవుడికి పెట్టకముందు వంట రుచి చూసే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. ఇప్పుడు చేతి అంచనా పనికిరాదు. అందుకని విఠలునికి ముందే చిన్న గిన్నెలో తీసిపెట్టి, తర్వాత నాలుక మీద వేసుకుని చూసేది. లచ్చయ్య సణిగాడు, తిట్టాడు, ఒకరోజు అటకెక్కి జాడీ దించబోయి దొరికిపోయాడు. కానీ కాళ్లు రాని ఆ మధ్యాహ్నం అతనికీ గుర్తుంది. రెండో నెల చివర్లో, వండిన కూర గురించి ఏమీ అనకుండా తిని లేచాడు. బీపీ నూట నలభైకి దిగింది.

మమతారాణి మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే పని ఉందనేది. ఒకరోజు శంకరవ్వ రైలెక్కి నేరుగా బట్టల దుకాణానికే పోయింది. చీరలు మడతపెడుతున్న బిడ్డ తల ఎత్తలేదు.

"బాపు నన్ను తిడ్తుండా?"

"తిడ్తుండు. కూరల ఉప్పు లేదని నన్ను తిడ్తుండు. నిన్నెందుకు తిడ్తడు?"

"నేను సన్నక్షరాలు చదవలే అవ్వా. పెద్దయి చదివి తెచ్చిన."

"నేను ఏవీ చదవలే. గట్లని కూసుంటే ఎట్ల? ఇగనుంచి నువ్వు వచ్చి, ఇంటికి ఏం తెచ్చినా ముందుగాల చదివి వినిపియ్యి. వందనను ఎన్నిసార్లు అడగాలె?"

బిడ్డ కళ్లు తుడుచుకుని, కొనేవాళ్లు వచ్చారని లేచింది. శంకరవ్వ కదల్లేదు. వాళ్లు ఐదారు చీరలు విప్పించి, ఒకటి కొనుక్కుని పోయేదాకా అక్కడే కూర్చుంది.

ఆదివారం పొద్దుటి బండికి మమతారాణి బెల్లంపల్లిలో దిగింది. స్టేషన్ బయట లచ్చయ్య నిలబడి ఉన్నాడు. నడిచే వచ్చానన్నాడు.