చెరుకు మిషన్‌లో నైట్రోజన్

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద చెరుకురసం బండి నాది. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చాను. బడి కూడా నన్ను వెనక్కి పిలవలేదు. అలాంటి నేను మొన్న ఎండాకాలం వాయువుల లెక్కల్లో వేలు పెట్టాను. తప్పు నాది కాదు, మా మరదలిది.

నా భార్య చెల్లెలు కెమికల్ ఇంజనీరింగ్ చదివింది. అన్నీ గట్టెక్కాయి గానీ ఒక్క పేపరు మాత్రం బురదలో దిగబడ్డ చెరుకు బండిలా కదల్లేదు. రుద్రూర్ అవతల చెరుకు మడ్డితో స్పిరిట్ తీసే ఫ్యాక్టరీ వాళ్లు ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు. ఈసారి ఆ పేపరు పాసైతేనే. లేకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. అందుకే కోటగిరి నుంచి వచ్చి మా ఇంట్లో మకాం వేసింది.

మా అరుగు మీద నా భార్య, వాడకట్టు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. మరదలు వాళ్ల పక్కనే గోడకు ఆనుకుని లెక్కలు చేసేది. బావ అయ్యుండి మరదల్ని ఏడిపించకపోతే, వీడికి ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు మా దగ్గర.

“గాలికి గూడ లెక్కలేందే?” అన్నాను.

“బావా, పుస్తకంల గాలి వేరు, అసలు గాలి వేరు. పుస్తకంల అణువులు ఒకదాన్నొకటి పట్టించుకోవు. అసలుదాంట్ల దగ్గరికి గుంజుకుంటయి, మరీ దగ్గరైతే నూకేసుకుంటయి. గా తేడా ఎంతనో చెప్పేదే విరియల్ కోఎఫిషియంట్.”

“అంటే సుట్టాలు.”

“సుట్టాలే అనుకో, నన్ను సదువుకోనియ్యి.”

ఊరుకుంటానా? మొత్తం చెప్పించుకున్నాను. ప్రతి వాయువుకూ ఒక హద్దు వేడి ఉంటుందట. ఉన్న వేడిని ఆ హద్దుతో భాగిస్తే వచ్చేది రెడ్యూస్డ్ టెంపరేచర్. అది ఒకటికన్నా తక్కువైతే, గట్టిగా నొక్కితే వాయువు నీళ్లలా మారుతుంది. ఎక్కువైతే ఎంత నొక్కినా మారదు. ఆ అంకెను సూత్రంలో వేస్తే గుంజుడెంతో, నూకుడెంతో తేలుతుంది.

“మీ అక్క హద్దు నాకెరుకే. కూరల ఉప్పు తక్కువైందంటే సాలు, దాటుతది. ఆనక ఎంత బతిమిలాడినా దిగదు,” అన్నాను.

నా భార్య ఆకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు ఆగింది. నాకు బండి దగ్గర పని గుర్తొచ్చింది.

వెళ్తుంటే మరదలు పందెం వేసింది. “నేను పాసైతే నువ్వు గీ అరుగు మీద అందరి ముంగట చాట పట్టుకొని బీడీలు సుట్టాలె.” మగవాడు చాట పట్టడమంటే వాడకట్టంతా ఏడాదిపాటు చెప్పుకుంటుంది. ఇన్నాళ్లూ కదలని పేపరు ఇప్పుడేం కదులుతుందిలే అని ఒప్పుకున్నాను.

పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం పుస్తకంలో లెక్కలన్నీ అయిపోయాయి.

“బావా, ఇయ్యాల ఎండెంత?”

“నలభై రెండు.”

ఆ అంకెతోనే నైట్రోజన్‌కు కొత్త లెక్క కట్టింది. దాని హద్దు నూట ఇరవై ఆరు. భాగిస్తే ఒకటిలో మూడో వంతు.

“ఒకటికంటే తక్కువొచ్చిందా? మరి నొక్కితే నీళ్లయితదా?”

“అయితది.”

“గాలిల ఎక్కువుండేది గదే అన్నవ్ గదా?”

“అవ్.”

“ఇంకేంది! రేపటి సంది చెరుకెందుకు? మిషన్ల ఉత్త గాలి పెట్టి పిండుత. గ్లాసుల పోసి, నిమ్మకాయ, అల్లం ఏసి అమ్ముత. మీ అక్కను బీడీలు మానుమను.”

అరుగు మీది ఆడవాళ్లు చాటలు కదిలేలా నవ్వారు. మరదలు నవ్వలేదు. పెన్ను నోట్లో పెట్టుకుని కాగితం వైపే చూసింది. తర్వాత నెత్తి మీద ఠపీమని కొట్టుకుంది.

“అయ్యో! హద్దు కెల్విన్‌ల ఉన్నది, ఎండ సెంటీగ్రేడ్‌ల ఏసిన. రెండు వందల డెబ్బై మూడు కలపనే లేదు! పోయినసారి పరీక్షల గూడ గిదే చేసిన బావా!”

కలిపి మళ్లీ భాగించింది. రెండున్నర వచ్చింది. సూత్రంలో వేస్తే కోఎఫిషియంట్ దాదాపు సున్నా. అంటే మా వాకిట్లో నైట్రోజన్ చాలా మర్యాదస్థురాలన్నమాట, ఎవర్నీ గుంజదు, ఎవర్నీ నూకదు.

“సూసినవా, నేనే చెప్పిన,” అన్నాను.

“నువ్వేం చెప్పలే. కూసినవ్.”

పాసైంది. ఫలితం వచ్చిన సాయంత్రమే నా భార్య చాట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. తునికాకు నా మాట వినలేదు. ఒక కొన లావు, ఒక కొన సన్నం, మధ్యలో తంబాకు బయటికి తొంగి చూస్తోంది. దారిన పోయే నా గిరాకీ ఒకడు సైకిల్ ఆపి, “అన్నా, గిండ్ల ఐస్ ఎయ్యవా?” అన్నాడు.

మరదలు నేను చుట్టిన వంకర బీడీ ఒకటి ఏరి, కాగితంలో చుట్టి, రుద్రూర్‌కు సర్దుకున్న సంచిలో పెట్టుకుంది.

“అదెందుకే? తాగుతవా?”

“ల్యాబ్‌ల పెట్టుకుంట బావా. పుస్తకంల ఉన్నట్టు అసలుది ఎప్పుడు గూడ ఉండదని యాదికుండాలె గదా.”