తోటికోడళ్ళ తోరా

ఏడేళ్ళుగా అజారాకు జీవితంలో ఒకటే పని మిగిలింది. తోటికోడలు రహినాతును పదిమందిలో కింద పడెయ్యాలి. వేరుశనగ ముద్ద పిసికి నూనె తియ్యడం, పిప్పిని వేయించి యెండి ఊరి సంతలో అమ్మడం, పిల్లల్ని సాకడం, ఇవన్నీ ఆ పని కుదిరేదాకా కాలక్షేపానికి చేసేవే.

ఏడేళ్ళ కిందట అజారా తల్లి పెద్దకర్మ నాడు ఆడవాళ్ళు తోరా ఆడారు. తోరా అంటే ఏముంది, ఇద్దరిద్దరుగా వలయంలోకి ఉరికి, పెద్ద డోలు ధన్ అన్న చోట తుంటికి తుంటి తాటించడమే. రహినాతు బలంగా కొట్టింది. అజారా బోర్లా పడింది. తోరాలో పడనిది ఎవరు? పడేసినవాళ్ళు చెయ్యిచ్చి లేపుతారు, అది మర్యాద. రహినాతు లేపలేదు. పైపెచ్చు, "కుంటిదాని కూతురు నిలబడుతుందా!" అని పకపకా నవ్వింది. పోయిన మనిషి కాలినా ఎత్తిపొడిచేది! ఆ కాలు ఈడ్చుకుంటూనే ఆ తల్లి అయిదుగురిని పెంచింది. ఎంత పాడు నోరో చూడండి.

మర్నాడు పొద్దున్నే అజారా మోకాళ్ళ మీద వంగి, "దసిబా, అక్కా," అని పలకరించింది. ఒకే వాకిలి, అవతలిది పెద్దకోడలు, పలకరించక చస్తుందా? ఏడేళ్ళూ రోజూ వంగింది. వంగిన ప్రతిసారీ ఒళ్ళు భగ్గుమంది. సాయంత్రాలు ఇంటి వెనక మట్టిగోడను తుంటితో కొట్టి కొట్టి సాధన చేసింది.

"ఈ గోడకు ఏ మేక ఒళ్ళు రుద్దుకుంటోందే? పెళ్ళలు రాలిపోతున్నాయి," అని మొగుడు సులే తల గోక్కున్నాడు.

"కొమ్ములు తిరిగిన మేకేలే. నువ్వు ముద్ద తిను."

రహినాతు మాత్రం తక్కువదా? ఏ వేడుకలోనూ అజారాకు ఎదురు పడలేదు. ఒకసారి నడుము నొప్పి అంది, ఇంకోసారి నమాజు వేళ అంది. కానీ ఈ శుక్రవారం ఆమె కొడుకు బిడ్డకు పేరు పెట్టారు. నాయనమ్మ ఆడకపోతే ఊరు ఊరుకోదు.

మధ్యాహ్నం నమాజయ్యాక డోళ్ళు మొదలయ్యాయి. డోలు వాయించే ఫుసేని మామ చంకలో డోలు నొక్కుతూ, ఆ మోతలోనే రహినాతు తాతముత్తాతల పేర్లన్నీ పలికించాడు. ఆమె కొత్త బట్ట కట్టుకుని మురిసిపోతూ వలయంలోకి వచ్చింది. ఎదురొచ్చింది ఎవరో చూడగానే మొహం మాడిపోయింది.

"మెల్లగా కొట్టవే అజారా, ఇవాళ మనవరాలి పండగే," అని గొణిగింది.

"ఆ రోజు మా అమ్మ కర్మ, అక్కా."

డోలు ధన్ మంది. ఏడేళ్ళు గోడ తిన్న దెబ్బలన్నీ కలిపి ఒక్కసారే రహినాతుకు తగిలాయి. ఆ మనిషి ముసలమ్మలు కూర్చున్న చాపల దాకా వెళ్ళి కూలబడింది. తలగుడ్డ ఊడి ఇంకెక్కడో పడింది. వాకిలంతా విరగబడి నవ్వింది.

అజారా నవ్వలేదు. దగ్గరకు వెళ్ళి చెయ్యి చాపింది. నవ్వులు టక్కున ఆగిపోయాయి.

"చూశారా, ఎంత మంచి మనసో!" అని ఒక ముసలమ్మ కళ్ళు ఒత్తుకుంది. నా పెళ్ళామే అన్నట్టు సులే నలుగురి వైపూ చూశాడు.

రహినాతు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆ రోజు నేను నిన్ను లేపలేదే తల్లీ," అంటూ ఆ చెయ్యి పట్టుకుని లేచింది. అజారా ఆమె బట్టకంటిన దుమ్ము దులిపింది. తలగుడ్డ తెచ్చి చుట్టింది. రెండు భుజాలూ పట్టుకుని తిన్నగా నిలబెట్టింది.

"ఇది నన్ను పడేసినందుకు, అక్కా. మా అమ్మ కాలిని అన్నందుకు ఇంకోటుంది."

ఫుసేని మామ వైపు తిరిగింది.

"కొట్టు మామా, కొట్టు."