మెహరున్నీసా గారు కుదిర్చిన రిసీవరు

ఫోన్లో మాట్లాడుతుంటే వెనక టక్‌మని చప్పుడైంది, ఏంటమ్మమ్మా అది అని అడిగావు కదా చిన్నీ. ఏం లేదమ్మా, హాల్లో టీవీ కింద ఉండే నల్ల పెట్టె, రిసీవరు. స్విచ్చేస్తే కాసేపు ఊరుకుంటుంది, తర్వాత లోపలెక్కడో టక్‌మంటుంది, అప్పుడు మాట వస్తుంది. వేడెక్కే కొద్దీ కాలిన దుమ్ము వాసన కూడా వేస్తుంది. ఆ వాసన తగిలిందంటే నాకు మెహరున్నీసా గారు గుర్తొస్తారు. పూనాలో పుట్టి పెరిగిన మీకు మా పటమట మనుషులు ఎక్కడ తెలుస్తారు. తమ్ముణ్ణి కూడా పిలువు, ఇద్దరూ వినండి.

పటమట మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో ఆవిడ షాపు. టీవీలు, డీవీడీ ప్లేయర్లు, స్పీకర్లు అమ్మేవారు. వాళ్ళాయన పోయాక ఇంక మూసేస్తారని అందరూ అనుకుంటుంటే ఈవిడొచ్చి కౌంటర్లో కూర్చున్నారు. సన్నగా ఉండేవారు, గొంతు మెల్లన. ఎవరేం కొనడానికొచ్చినా ముందువైపు చూపించేవారు కాదు, పెట్టెని గబుక్కున వెనక్కి తిప్పేవారు. "ముఖానిదేముందండీ, అన్నీ తళతళలాడతాయి. వీపు చూడండి," అనేవారు. పెళ్ళిచూపుల్లో ఈ మాటంటే తంతారండీ అని మా మరిది వేళాకోళం చేస్తే, మా ఇళ్ళల్లో తన్నరు లెండి, బిర్యానీ పెట్టకుండా పంపించేస్తారు అన్నారు. నవ్వకుండా అన్నారు. మా మరిదికి నవ్వాలో వద్దో తెలియలేదు.

అప్పటికి మీ అమ్మ కాలేజీలో ఉంది, మీ మామయ్య స్కూల్లో. మన టీవీకి వెనకాల వైర్లు పెట్టుకునే చోటు ఒక్కటే. ఇంట్లో ఏమో పెళ్ళి కేసెట్లు చూసుకునే వీసీఆర్, మీ అమ్మ పట్టుబట్టి కొనిపించిన డీవీడీ, మీ మామయ్య వీడియో గేమ్. ఒకటి చూడాలంటే ఇంకోటి పీకాలి. ఆ పసుపూ ఎరుపూ తెలుపూ వైర్ల కోసం రోజూ ఇద్దరికీ పేచీ. అన్నీ ఒకే పెట్టెకి తగిలించి రిమోటు నొక్కితే సరిపోతుందని ఎవరో చెప్పారు, దాని కోసమే మరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాను. షాపులో నేను చెప్పింది అదే. చెప్పనిది ఇంకోటుంది.

మీ తాతయ్యకి ఆటోనగర్లో లేతు షాపు ఉండేది కదా. ఇరవై ఏళ్ళ పైన ఆ మిషన్ల రొదలో ఉండేసరికి చెవులు మందగించాయి. టీవీ గోల గోలగా పెట్టేవారు. ఒకరోజు పైవాటా వాళ్ళు కిందికి దిగొచ్చి కాస్త తగ్గించమని అడిగారు, మర్యాదగానే అడిగారు. ఆ మర్నాటి నుంచీ మీ తాతయ్య హాల్లోకి రావడం మానేశారు. వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. రండీ అంటే, ఆ సినిమాల్లో ఏముంది, మీరు చూడండి అనేవారు. చెవికి మిషన్ పెట్టించుకుందామంటే ముసలాణ్ణి చేస్తావా అని కసిరారు. ఇంట్లో నలుగురం ఉండి ఆయనొక్కరే బయట. ఇది షాపులో నలుగురి ముందు ఎలా చెప్పను? కట్టుకున్నవాడి లోపం కౌంటరు మీద పెట్టే అలవాటు మా ఉయ్యూరు వైపు లేదు.

మరిదైతే నిలువెత్తు స్పీకర్లున్న సెట్టొకటి చూసి, ఇదే తీసుకో వదినా, వీధంతా అదురుతుందన్నాడు. మెహరున్నీసా గారు దాన్ని తిప్పి చూపించారు. మీకు మూడు డబ్బాలున్నాయంటున్నారు, కేబుల్లో వార్తలు కూడా ఇందులోంచే వినాలంటే నాలుగు దారులు కావాలి, దీనికి ఉన్నది ఒక్కటే, మళ్ళీ రోజూ పీకుడేనండీ అన్నారు. సరే, దారులెక్కువున్నదే ఇవ్వండి అంటే అదీ ఇవ్వలేదు. ఇంటికొచ్చి ఎవరెక్కడ కూర్చుంటారో చూడకుండా ఆవిడ అమ్మరట. డబ్బిస్తామంటే తీసుకోకుండా సంబంధం చూడ్డానికొచ్చినట్టు వస్తానంటుందేంటి ఈవిడ అని మరిది దారంతా గొణిగాడు.

మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. సోఫాలో కూర్చున్నారు, దివాను మీద కూర్చున్నారు, మీ అమ్మ చదువుకునే మూల కూడా వదల్లేదు. టీవీకి మరీ దగ్గరగా, ఎదురుగా జరిపి ఉన్న పేము కుర్చీలో కూర్చుని, ఇందులో ఎవరు కూర్చుంటారక్కయ్యా అని అడిగారు. ఈమధ్య ఎవరూ కూర్చోవట్లేదన్నాను. ఆవిడ కిటికీలోంచి, వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్న మీ తాతయ్య వైపు చూశారు.

రెండ్రోజులకి రిసీవరు తెచ్చారు. అంత పెద్దదేం కాదు, వెనక మాత్రం జల్లెడలా కన్నాలు. వైర్లన్నీ పెట్టాక నేరుగా వరండాలోకి వెళ్ళి మీ తాతయ్య ఎదురుగా నిలబడి, సార్, ఒక్కసారి రండి, మిషన్లు తెలిసినవారు మీరొక్కరే ఉన్నారిక్కడ అన్నారు. ఆయన లేచొచ్చారు. పేము కుర్చీలో కూర్చోబెట్టి రిమోటు చేతికిచ్చారు.

"ఈ సినిమావాళ్ళు మోత ఎక్కువ పెట్టి మాటలు మింగేస్తున్నారు సార్. తప్పు వాళ్ళది. అందుకని మాటలకి మధ్యలో విడిగా ఒక స్పీకరు పెట్టాను. ఈ బటన్ నొక్కితే అదొక్కటే పెరుగుతుంది. ఎంత కావాలో మీరే చూసి చెప్పండి."

మీ తాతయ్య ఒక్కో మెట్టే నొక్కుతూ పోయారు. మ్యూజిక్ ఉన్నచోటే ఉంది, మాట పైకి తేలింది. ఏదో హాస్యం సీను వస్తోంది. అంతకుముందైతే ఆయన మా మొహాలు చూసి, మేం నవ్వాక నవ్వేవారు. ఆ రోజు మాతో పాటే నవ్వారు. మీ అమ్మ నా వైపు చూసింది. నేను కాఫీ వంకతో వంటింట్లోకి పోయాను.

మెహరున్నీసా గారు నా వెనకే వచ్చారు. కాఫీ తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి, నాకు మాత్రమే వినపడేలా అన్నారు:

"అక్కయ్యా, టీవీ మాటలకి దారి పెట్టాను. మీ మాటలకి ఆ పెట్టెలో దారి లేదు. అవి మీరే ఎదురుగా వెళ్ళి చెప్పాలి."

ఆ రోజు నుంచీ నేను వంటింట్లోంచి కేకేసి ఆయనతో ఏదీ చెప్పలేదు. పొయ్యి తగ్గించి, చెయ్యి తుడుచుకుని, ఎదురుగా వెళ్ళి, మొహం చూస్తూ చెప్పేదాన్ని. ఉప్పు అయిపోయిందని చెప్పడానికైనా అంతే. ఆయన పోయేదాకా అలాగే మాట్లాడుకున్నాం. పడుచుతనంలో కూడా అంత మాట్లాడుకోలేదేమో. ఇప్పుడు కూడా, మొహం కనపడేలా వీడియో పెట్టమని మిమ్మల్ని విసిగించేది అందుకే.

కొన్నేళ్ళకి ఆవిడ షాపు తమ్ముడికి అప్పజెప్పి బందరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అటు వెళ్ళినప్పుడు ఒక మాట అడగాలని అనుకుంటూనే ఉన్నాను. ఈలోపే ఆవిడ పోయారని తమ్ముడి ద్వారా తెలిసింది. ఎదుటివాళ్ళ పరువు పోకుండా అలా చెప్పడం, ముందు ఎదురుగా వెళ్ళి నిలబడ్డం, ఇవన్నీ సామాన్లు అమ్మితే వచ్చేవి కావు కదమ్మా. వాళ్ళింట్లో ఎవరికి వినపడేది కాదో, ఎవరి ఎదురుగా కూర్చుని నేర్చుకున్నారో, అదే నేను అడగాలనుకున్నది.