విసుర్రాయి కాడ మార్చిన పాట

ఇంగ్లండ్ కోవెంట్రీల మా మనవరాలు స్కూలు కోసం స్కాట్లాండ్ పాత పాట నేర్సుకుంటున్నది. అన్న చెల్లెను ఏట్ల ముంచుతడంట. చంపినోని పేరు పాటలనే ఉంటదంట. పిల్ల జడుసుకుంటదేమోనని నాకు ఒకటే గుబులు.

మీకు యాదికున్నదా, విసుర్రాయి తిప్పుకుంట మన అమ్మలు పాడిన పాటలు? మా చిన్నాయిన పెండ్లాం, మా చిన్నమ్మ, బాయిల పడి సచ్చినంక, “అత్త నూకింది” అని పాడేది మా అమ్మ. ఆ అత్తంటే మా నాయనమ్మనే. ఆమె గడపల కనవడంగనే, రాయి ఆపకుండ “కాలు జారింది” అని మార్చేది.

మా అమ్మ గూడ అసొంటి పాటనే పాడేదని చెప్తే, “నీ సాంగ్ పాడు అమ్మమ్మా, ఐ వోంట్ గెట్ స్కేర్డ్” అన్నది మనవరాలు.

పాడిన. నాయనమ్మ పోయి ఎన్నేండ్లాయెనో. అయినా ఈ కోవెంట్రీ ఫ్లాట్ల, తలుపు దిక్కు సూసుకుంట, “కాలు జారింది” అనే పాడిన.