పెళ్లిచూపుల మాస్కు

మీరు పనిచేసే చోటికి తనిఖీ బృందం వస్తోందని తెలిసిన రోజు మీరేం చేశారు? నిజం చెప్పండి. ఊడిపోయిన కంచెకు తీగ చుట్టారా? విరిగిన నిచ్చెనను ఏ మూలకు తోశారు?

మా బొగ్గు యార్డులో ఆ రోజును 'పెళ్లిచూపులు' అంటారు. ఓడల నుంచి దిగిన బొగ్గు పొడవాటి బెల్టుల మీద వచ్చి మా దగ్గర గుట్టలు పడుతుంది. గాలి తిరిగితే ఆ నల్లపొడి కంచరపాలెంలో ఆరేసిన బట్టల మీద కూడా వాలుతుంది. కంపెనీ యార్డులన్నిటిలో ఆరోగ్య, భద్రత, పర్యావరణ ప్రమాణాలను ఒకే స్థాయికి తేవాలని పైనుంచి నిర్ణయం వచ్చింది. మా యార్డు మేరకు ఆ బాధ్యత నాది. నిర్ణయం మంచిది. ఆ మాట ఇప్పటికీ అంటాను.

నేను సెలవు రోజుల్లో చర్చావేదికలెక్కి మాట్లాడే మనిషిని. దిష్టినీ, శాంతులనూ, యంత్రాలకు కట్టే నిమ్మకాయలనూ ఏకిపారేసేవాణ్ని. మోటారు గది గుమ్మానికి వేలాడే గుమ్మడికాయను చూపించి, "ఇది బేరింగుకు గ్రీజు పెడుతుందా?" అని అడిగితే అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆ ప్రశ్నకు నేనిప్పుడూ సిగ్గుపడటం లేదు. గుమ్మడికాయ కట్టినవాడు కనీసం దాన్ని నమ్మాడు. మేం చేసిన తంతును మాలో ఒక్కరమూ నమ్మలేదు. నా సిగ్గు అక్కడ మొదలవుతుంది.

ఆ రోజు తెల్లారేసరికి ట్యాంకరు రోడ్లన్నీ తడిపేసింది. ఎప్పుడూ ఎండిపోయి ఉండే స్ప్రింక్లర్లు గుట్టల మీద నీళ్లు చిమ్మాయి. కాంట్రాక్టు మనుషులందరికీ దుమ్మును ఆపే మంచి మాస్కులు, చెంపలకు రెండు వైపులా గుండ్రటి ఫిల్టర్లున్నవి, ఇచ్చాం. నేను మైకు పట్టుకుని, ఇవి లేకుండా లోపల అడుగుపెడితే ఊపిరితిత్తులు పాడైపోతాయని గట్టిగా చెప్పాను.

బెల్టు కింద రాలిన బొగ్గును ఊడ్చే ఆమె ముందు వరుసలో నిలబడింది. ఆమె భర్త సముద్రం మీదికి వేటకెళతాడు. వేట లేని రోజుల్లో ఇల్లు గడిచేది ఆమె జీతంతోనే. చాలాకాలంగా ఆమెను దగ్గు వదలడం లేదు. తనిఖీకి వచ్చినాయన ఆమె దగ్గర ఆగి, "మాస్కు ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

"ఇయాల దగ్గు రాలేదు బాబూ."

ఆయన సంతోషించాడు. మేమూ మురిసిపోయాం. ఆ మాటలోని 'ఇయాల' ఎవరి చెవినీ తాకలేదు.

సాయంత్రం కార్లు వెళ్లిపోయాక సూపర్‌వైజరు గేటు దగ్గర గోనెసంచి తెరిచి పట్టుకున్నాడు. వరుసగా ఒక్కొక్కరూ మాస్కు తీసి అందులో వేస్తున్నారు. మళ్లీ తనిఖీ దాకా అవి స్టోరులో ఉంటాయి. పక్కనే నేనున్నాను. ఆమె వంతు వచ్చింది. వెయ్యలేదు.

"ఇచ్చీ అప్పా, లేటైపోతంది" అన్నాడు సూపర్‌వైజరు.

"నానియ్యను."

"కంపెనీదప్పా అది!"

"మరి నా ముక్కు ఎవులిది తమ్ముడూ?"

వరుసలో వెనకనుంచి ఎవరో అరిచారు: "పెల్లికొడుక్కి నచ్చీసినావంట గదా, అరువు నగలిచ్చీ అప్పా!" అందరూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"సార్, ఇది లేకపోతే ఊపిరితిత్తులు పోతాయని పొద్దున్న మైకులో మీరే సెప్పినారు. రేపు ఇది లేకుండా ఎల్లమంటన్నారు. పొద్దున్నది అబద్దమా, ఇప్పుడిది అబద్దమా?"

ఏ వేదిక మీదా మాటకు తడుముకోని నాకు అక్కడ ఒక్క మాటే వచ్చింది. "చూద్దాం" అన్నాను.

"పొద్దున్న సూత్తారు, సాయంత్రం సూద్దామంటారు" అని గొణిగాడు ఆమె వెనకున్నతను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె మాస్కుతోనే గేటు దాటి వెళ్లిపోయింది.

మర్నాడు గేటు దగ్గర ఆమె పాసు ఆపేశారు. ఆమె ముఖాన మాస్కు పెట్టుకుని బయట రోడ్డు పక్కన నిలబడింది. నేను మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు. ఫైలులోంచి తలెత్తి, "ఒకామెకి వదిలేస్తే రేపు అందరికీ ఇవ్వాల్సొస్తుంది కదండీ" అన్నాడు.

అవును, అందరికీ ఇవ్వాలి. మేం తెస్తామన్న మార్పు అంటే అదే. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. "సరే సార్" అని బయటికొచ్చేశాను.

ఆమె ఆ రోజూ, ఆ మర్నాడూ బయటే ఉంది. ఆ తర్వాత గేటు దగ్గరికొచ్చి మాస్కు తీసి, పట్టీలు చిక్కుపడకుండా మడిచి సూపర్‌వైజరు చేతిలో పెట్టింది. చీర కొంగు ముక్కుకు చుట్టుకుంది. "పని గావాలి గదా సార్" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. పాసు మళ్లీ ఇచ్చారు. ఆమె చీపురు తీసుకుని బెల్టు కిందికి వెళ్లింది. మా యార్డుకు మెచ్చుకోలు వచ్చింది, నాకు శాలువా కప్పారు. ఆ శాలువా కప్పుతున్నప్పుడు నేను చేతులు జోడించి నవ్వాను కూడా.

ఆ రోజు మింగేసిన మాటను తర్వాత ఒక సమావేశంలో పైకే అన్నాను. "చూద్దాం" అని జవాబొచ్చింది. ఆమె ఇప్పుడు దగ్గుతూనే ఊడుస్తోంది.

ఇది చదివి నా మీద జాలి పడకండి, నన్ను తిట్టి ఊరుకోకండి. మీరు ఏ కంపెనీలో పనిచేస్తున్నా సరే, రేపు పొద్దున్నే వెళ్లి స్టోరు తాళం తీయించండి. లోపలున్న ప్రతి మాస్కునూ, ప్రతి గ్లవ్స్ జతనూ పనిచేసేవాళ్ల చేతుల్లో పెట్టండి. సాయంత్రం తిరిగివ్వమని అడిగినవాడికి "ఇవ్వం" అని చెప్పండి. పనివాళ్లను ముందు నిలబెట్టి వాళ్ల చేత చెప్పించడం కాదు, మీ నోటితో మీరే చెప్పండి.