మజ్జిగ బండి దగ్గు

నా పికప్పు బండి ఒకసారి శ్రీశైలం ఘాట్‌లో బ్రేకులు లేకుండా దిగింది. మలుపులో చిరుతపులి ఎదురొచ్చి, బండిని ఒక చూపు చూసి, మర్యాదగా పక్కకు తప్పుకుంది. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను, విన్నవాళ్ళు ఇంకా చాలామందికి చెప్పారు. నిజానికి బ్రేకులు ఉన్నాయి, కాస్త మెత్తబడ్డాయి, అంతే. చిరుత సంగతికొస్తే, అది ఏ ఊరి కుక్కో అయి ఉండవచ్చు. తప్పుకున్న మాట మాత్రం నిజం.

అలాంటి బండి ఈ ఏడు దగ్గడం మొదలుపెట్టింది. మామూలు రోజుల్లో అయితే దగ్గనీ అని వదిలేసేవాణ్ణి. నేనూ దగ్గుతాను, నన్నెవరూ పాత ఇనుము కింద గుజిరీకి వేయలేదు. కానీ ఉగాది దగ్గరపడుతోంది. ఉగాదికి ముందు కన్నడ సీమ నుంచి జనం మల్లన్న దర్శనానికి కాలినడకన శ్రీశైలం పోతారు. ఎర్రటి ఎండలో, నెత్తిన మూట, కాళ్ళకు బొబ్బలు. దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు వాళ్ళకు అన్నం, మజ్జిగ పోస్తారు. మాది కర్నూలుకు పడమర పల్లె అయినా, మేము పోసే చోటు ఆత్మకూరు దాటాక, అడవి మొదలయ్యే దగ్గర. చిత్రాన్నం గంగాళాలు, మజ్జిగ డ్రమ్ములు అంతదూరం మోసేది నా బండే. మా తాత కాలం నుంచీ మా ఇంటి బండే మోస్తోందని చెప్పుకుంటాను. నిజానికి మా తాతకు ఉన్నది ఒక్క ఎద్దే, జత లేక బండే కట్టలేదు.

దగ్గు విచిత్రమైన దగ్గు. ఇంట్లో స్టార్టు చేస్తే కోయిలలా పలుకుతుంది. ఊరు దాటి కొంతదూరం పోయాక ఒక గుక్క మింగుతుంది. ఇంకొంచెం పోయాక రెండు గుక్కలు. ఆపైన ఇంజిను మొత్తం ఊగిపోతూ, యాక్సిలరేటరు ఎంత తొక్కినా పెళ్ళిలో అలిగిన మేనమామలా కదలనంటుంది.

నా భార్య తమ్ముడు, అంటే మా బామ్మర్ది, ఈ దగ్గు కోసమే పుట్టినట్టు సంతోషించాడు. అతను కొత్త పికప్పు కొన్నాడు. దానికి ముందు అద్దం మీద వాళ్ళ అమ్మ పేరు, వెనక అద్దం మీద వాళ్ళ నాయన పేరు, మధ్యలో నడపడం రాని ఇతను. పొద్దున్నే వచ్చి నా బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవాడు.

"ఏం బావా, నీ బండి శానా దగ్గుతాండాదే. ఆస్పత్రికి రాయల్నా?"

"నీ బండికి నోరు రాలేదు గాని, వస్తే అదీ దగ్గుతాది. నిన్ను మోసేది మాటలా."

"మోసేది నన్ను కాదులే బావా. ఈ తూరి మజ్జిగ మోస్తాది. పెద్దాయనకు చెప్పేసినా."

చెప్పేశాడు కూడా. అన్నదానం చూసుకునే మా ఊరి పెద్దాయన నన్ను పిలిపించాడు. ఆయన ఎవరి మీదా గొంతు పెంచడు, అందుకే ఆయనంటే నాకు భయం.

"అన్నం దారిలో నిలబడకూడదప్పా. నడ్సేవాళ్ళు మన కోసం కూచోనుంటారు. బయల్దేరే లోపల బాగుపడితే నీ బండి, లేకుంటే వాని బండి. ఒగసారి మారిందంటే మళ్ళీ మళ్ళీ మార్చేది ఉండదు, చూసుకో."

అంటే ఈ ఏడు పోతే ఇక ఎప్పటికీ పోయినట్టే. నేను బండి తీసుకుని కర్నూలు బయలుదేరాను.

ఈ కాలపు మెకానిక్కుల గురించి నేను మంచి మాట ఒకటి చెప్పాలనుకుంటున్నాను, దొరకడం లేదు. వెనకటి మెకానిక్కు ఇంజినును వినేవాడు. ఇప్పటివాళ్ళు సామాను మారుస్తారు. ఒకటి మార్చాక ఇంకొకటి, రోగం విసుగెత్తి తనంతట తాను పోయేదాకా. మొదటి షెడ్డులో ఒకాయన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. వైరు గుచ్చడానికి నా బండిలో బొక్క వెతికాడు. ముందు వెతికాడు, కింద వెతికాడు, సీటు ఎత్తి వెతికాడు.

"ఈ బండికి చెప్పుకునేదానికి నోరే లేదన్నా," అన్నాడు.

"నాకుంది, నన్నడుగు," అన్నాను. అడగలేదు. ముక్కు నలిచి, డీజిల్ చిమ్మే నాజిళ్ళు పోయాయన్నాడు. పక్క షెడ్డు ఆయన నాజిళ్ళు భేషుగ్గా ఉన్నాయి, పంపు పోయిందన్నాడు. డోన్‌లో ఒకాయన రెండూ బాగున్నాయి, గాలి ఫిల్టరులో బేతంచెర్ల రాతిపొడి పట్టిందని విదిలించి చూపించాడు. నిజంగానే పిండిమిల్లులా రాలింది. ముగ్గురూ చేసిన పని ఒకటే: డీజిల్ ఉందా లేదా అని ట్యాంకు మూత తీసి చూడటం, ఇంజినును గర్జింపజేయటం. ముగ్గురి దగ్గరా బండి సింహంలా గర్జించింది. ఊరి దారి పట్టాక మూడుసార్లూ దగ్గింది.

ఇక నేనే దిగాను. స్క్రూడ్రైవరు మొన ఇంజినుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటే, ఏ సిలిండరులో ఏ వాల్వు ఏమంటోందో నాకు అన్నం ఉడికిన చప్పుడులా తెలుస్తుంది. ఇలా విని ఒకసారి ఆర్టీసీ బస్సుకు రోగం చెప్పాను. నేను చెప్పడం నిజమే, బస్సు వాళ్ళు వినడం మాత్రం నిజం కాదు. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. నా కుడి చెవి పనిచేసి చాలాకాలమైంది. ఎడమ చెవికి మా ఆవిడ గొంతు తప్ప వేరేది సరిగా ఆనదు. అయినా విన్నాను, తల ఊపాను. చూసేవాళ్ళున్నారు కదా.

విన్నాక నేను కనిపెట్టింది ఇది: తప్పు డీజిల్‌ది. మా ఊరి మొదట్లోని బంకులో పోయించుకున్న రోజు బండి చాలాదూరం చక్కగా పోతోంది. పోయించుకోని రోజు దగ్గుతోంది. కాబట్టి ఆ బంకు డీజిల్ అమృతం, మిగతా జిల్లా అంతా కల్తీ. ఈ సిద్ధాంతాన్ని నేను ఊరంతా చాటాను. ఆ బంకువాళ్ళు నాకు టీ కూడా పోశారు. మూత తీసినందువల్ల బాగుపడుతోందని, పోసినందువల్ల కాదని, నా సిద్ధాంతానికి తట్టలేదు.

పెద్దాయన పెట్టిన గడువు రేపనగా, బండిని చివరిసారి పరీక్షిద్దామని బయలుదేరాను. నేను వద్దన్నా బామ్మర్ది ఎక్కి పక్కన కూర్చున్నాడు, సాక్షిగా. ఎత్తు గడ్డ ఎక్కుతుండగా బండి ఒక గుక్క, రెండు గుక్కలు మింగి, ఊగి, నిలబడిపోయింది. చుట్టూ కోసేసిన కంది చేలు, నీడ అనేది లేదు.

"డీజిల్ ఉండాదా బావా?"

"నిన్ననే పోయించినా."

"ఎవరన్నా పీక్కోని ఉంటారు."

ఆ మాట నాకు నచ్చింది. దొంగ ఉంటే నా బండి తప్పు లేనట్టే. దిగి ట్యాంకు దగ్గరకు పోయాను.

ఇక్కడ నా బండి అలవాటు ఒకటి చెప్పాలి. మా వైపు బండికి బొట్టు పెట్టడం అందరికీ ఉంది, నాది కాస్త ఎక్కువ. శివుడి బొట్టు ఉన్న చోట దొంగ చెయ్యి పెట్టడని నా నమ్మకం. అందుకని ప్రతి సోమవారం డీజిల్ మూత మీద విభూతి, గంధం, ఆముదంలో కలిపిన కుంకుమ మెత్తుతాను. పాతది తుడవకూడదు, దాని మీదే కొత్తది. ఏండ్ల తరబడి మెత్తగా అది మూతలా కాకుండా చిన్నసైజు గోపురంలా తయారైంది. మెకానిక్కులు కూడా భక్తిగా అంచులు పట్టుకుని తిప్పేవారే గాని, దాన్ని గీకలేదు.

మూత తిప్పాను. బుస్సుమంది. లోపల నాగుపాము ఉన్నట్టు అంత పొడుగున గాలి పీల్చుకుంది. బామ్మర్ది ఎగిరి కంది చేలో పడ్డాడని నేను తర్వాత చెప్పాను. అతను ఒక అడుగు వెనక్కు వేశాడు. చేలో పడింది నేను.

లేచి స్టార్టు చేస్తే బండి కోయిలలా పలికింది. మూత బిగించి కొంతదూరం పోయాం, దగ్గింది. తీశాం, బుస్సుమంది. బిగించాం, దగ్గింది. డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ఆ జాగాలోకి గాలి పోవడానికి మూతకు సూది మొనంత బొక్క ఒకటి ఉంటుంది. గాలి పోకపోతే ట్యాంకు లోపలి నుంచి డీజిల్‌ను పట్టి లాగుతుంది, ఇంజినుకు గొంతు ఎండుతుంది. ఆ బొక్క నా గోపురం కింద సమాధి అయింది. తుమ్మ ముల్లు ఒకటి తెంపి, బొట్టంతా గీకి, బొక్కలో పొడిచాను. అంతే వైద్యం.

"ఇది ఎవరికీ చెప్పద్దు," అన్నాను.

"నేనెందుకు చెప్తా బావా," అన్నాడు బామ్మర్ది. సెల్లులో సిగ్నలు దొరికే గడ్డ మీదికి అప్పటికే ఎక్కుతున్నాడు.

మేము ఊరు చేరేసరికి అందరికీ తెలిసింది. నేను మాత్రం పంపు టైమింగు సరిచేశానని ఇద్దరికి చెప్పి చూశాను. ఇద్దరూ నా నుదుటి బొట్టు కేసి చూశారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"బండిలో ఏం రోగం లేదంట. ఉండేదంతా నడిపేటోనిలోనే ఉండాదంట. సరే, నీ బండే పోనీ. వెనకాల వాని బండి ఖాళీగా వస్తాది, ఎందుకైనా మంచిది."

అలా బయలుదేరాం. ముందు నేను, గంగాళాలు, డ్రమ్ములు. వెనక అద్దంలో బామ్మర్ది, అతని కొత్త బండి, మోయడానికి ఏమీ లేక. ఆత్మకూరు దాటేదాకా నా బండి ఒక్క గుక్క మింగలేదు. ఎత్తు వచ్చినచోటల్లా కావాలని వేగం పెంచాను, వాడు చూడాలని.

అడవి మొదట్లో నడకవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇంజిను ఎంత మెత్తగా ఆగిందో ఎవరూ గమనించలేదు. బండి ఎవరిదని ఒక్కరూ అడగలేదు. గ్లాసులు పట్టుకుని వరసగా వచ్చారు. మొదట వచ్చిన ముసలామె ఒక గుక్క తాగి, నా ముఖంలోకి చూసి, ఉప్పు లేదా అని కన్నడంలో అడిగింది.

"ఉప్పు ఇల్వేనప్పా?"

ఎండకు ముందే కలిపితే రుచి మారుతుందని మజ్జిగలో ఉప్పు మేము అక్కడికి పోయాకే వేస్తాం. ఉప్పు సంచి ఎక్కించడం ప్రతి ఏడూ నా పని. ఈ ఏడు ఎక్కించే సమయానికి నేను బానెట్టు ఎత్తి పదిమందికి ఇంజిను వినిపిస్తున్నాను.

పెద్దాయన బామ్మర్ది వైపు చూశాడు, అంతే. ఖాళీ బండి దుమ్ము లేపుకుంటూ ఆత్మకూరుకు పోయి ఉప్పు తెచ్చింది. వాడు వచ్చేలోపల సగంమంది చప్పటి మజ్జిగ తాగి, శివా అనుకుని, అడవిలోకి నడిచిపోయారు.

వాళ్ళు కావాలనే ఉప్పు వద్దన్నారని, నడకలో చప్పటిది తాగితే దప్పిక కాదని, అది వాళ్ళ ఆచారమని ఊర్లో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. పై ఏటికి పెద్దాయన తీర్మానం చేసేశాడు: బండి నాది, ఎక్కించేది బామ్మర్ది. వాడు ఇప్పటి నుంచే నా బండి తొట్టి కొలతలు తీసుకుంటున్నాడు.